దేవకుమారి గారి క్రిస్మస్ మొక్క

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను దూదిలో చుట్టి, పైన బల్బు వెలిగించి, ఆ వెచ్చదనంతోనే బ్రతికించడంలో నర్సు దేవకుమారి గారిది అందెవేసిన చేయి. అటువంటి మనిషి చేతికి ఒక మొక్క చిక్కితే ఏమవుతుందో, రాజమండ్రిలో ఆమె పక్క వాటాలో అద్దెకున్న నేను 1979 చలికాలంలో చూశాను.

ఆ మొక్కను ఆమె కడియం నర్సరీ నుంచి తెచ్చారు. క్రిస్మస్ నాటికి దాని కొస ఆకులు ఎర్రబడతాయట. చర్చిలో బలిపీఠం అలంకరించే పని ఆ ఏడే మొదటిసారి ఆమెకు అప్పగించారు. కాగితం పువ్వులు వద్దు, ప్రాణమున్న ఎరుపునే తెస్తానని సంఘం ముందు ఆమె మాట ఇచ్చేశారు.

నవంబరులో గోదావరి గాలి చల్లబడగానే మొక్క ముందుగదిలోకి చేరింది. పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా దాని నెత్తిన బల్బు!

"పసిబిడ్డకి వేసే చలి దీనికి మాత్రం వెయ్యదాండీ?" అన్నారు నాతో.

మొక్క నవనవలాడింది, కాని ఆకుపచ్చగానే. సంఘపెద్ద వీరాస్వామి గారు వచ్చి చూసి పెదవి విరిచారు.

"ఏంటి సిస్టర్ గారూ, బలిపీఠం మీద గోంగూర పెడతారా?"

"పెడితే ఎర్ర గోంగూరే పెడతానండి. మీరు కంగారు పడకండి."

ఆయన గుమ్మం దాటగానే తానే కంగారుపడి, ఇంకా పెద్ద బల్బు తగిలించారు.

అంతలో వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. వెలుతురు పౌరుల హక్కని నేను కరెంటాఫీసులో గంభీరంగా వాదించాను. వాళ్ళు అంతే గంభీరంగా మజ్జిగ ఇచ్చి పంపారు. చలి మాత్రం ఎవరి వాదనా వినదు కదా! దేవకుమారి గారు సాయంత్రం కాగానే మొక్క మీద కోళ్ళగంప బోర్లించి, దానిపై నల్ల కంబళి కప్పేవారు. ఉదయం తీసి ఎండకు పెట్టేవారు.

డిసెంబరు మధ్యలో ఒక ఉదయం, కంబళి ఎత్తిన ఆమె కేక పెట్టారు. కొస ఆకుల్లో ఎరుపు!

ఆ సాయంత్రమే కరెంటు వచ్చింది. నేను ఉత్సాహంగా స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఆగండి అమ్మాయిగారూ! బల్బు వెలిగినన్నాళ్ళూ ఇది ఎర్రబడలేదు. చీకట్లో పడుకున్నాకే రంగొచ్చింది. వెచ్చదనం ఇచ్చాను గాని, పాపం, నిద్ర పోనివ్వలేదండి!"

క్రిస్మస్ ఉదయం చర్చిలో అందరి చూపూ ఆ ఎరుపు మీదే. వీరాస్వామి గారు రంగు పూశారేమోనని ఆకును గిల్లబోయారు. దేవకుమారి గారు ఆయన చేతి మీద ఒక్కటి వేశారు.

"గిల్లితే ఏడుస్తుందండి!"