తెల్లన్నం పథ్యం

ఈ ఉదయం వీధి కుళాయి దగ్గర పక్కింటి పిన్నిగారు పిక్కలు ఒత్తుకుంటూ, వైద్యుడు తనకు పప్పూ కూరా మాన్పించి తెల్లన్నం, నెయ్యి, మిరియాల చారు మాత్రమే తినమన్నాడని చెప్పారు. నలుగురిలో నోరు విప్పని నేను “వద్దండీ!” అని అరిచినట్టే అన్నాను. అందరూ నావైపు తిరిగారు. ఎందుకో చెప్పడం మాత్రం చేతకాలేదు. బిందె సగమే నింపుకుని ఇంట్లోకి వచ్చేశాను. బెజవాడ కాపురానికి వచ్చి ఇన్నాళ్ళయినా నాకు మాటలు కాగితం మీదే కూడతాయి. రేపు ఆవిడకు సరిగ్గా చెప్పడానికి ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

మా పుట్టిల్లు పామర్రు దగ్గర నేతగాళ్ళ వీధిలో. కాళ్ళు గుంటలోకి దించి నేసే రెండు గుంట మగ్గాలు, ఒకదానిలో నాన్న, ఒకదానిలో అమ్మ. రెండో ప్రపంచయుద్ధానికి కాస్త ముందు దగ్గర్లో బియ్యం మిల్లు వచ్చింది, మా రోకళ్ళు మూలపడ్డాయి. మిల్లు బియ్యమంటే మా నాయనమ్మకు ఎంత భక్తో! అన్నం మల్లెపూవులా లేకపోతే చుట్టాల ముందు తల ఎత్తుకోలేననేది. నీళ్ళు తేటపడేదాకా బియ్యం కడిగించేది. ఆ కడుగూ, తవుడూ గేదెకు. వార్చిన గంజి మగ్గానికి, ఎందుకంటే గంజి పట్టిస్తేనే పడుగు నూలు తెగకుండా నిలుస్తుంది. దాహమేసి ఎవరైనా గంజి గిన్నె వైపు చూస్తే, మగ్గం నోటి ముందు కూడు లాక్కున్నంత కోపం వచ్చేది ఆవిడకు.

అమ్మకు మొదట పిక్కలు లాగడం మొదలైంది. తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుము. ఆముదం కాచి రాశాం, ఇటుక వేడిచేసి కాపడం పెట్టాం. వైద్యుడు నాడి చూసి వాతమన్నాడు. పప్పులు వాతం, వంకాయ వాతం, చింతపండు అసలు పనికిరాదు. మిగిలింది తెల్లన్నం, నెయ్యి, మిరియాల చారు. నాయనమ్మ ఆ పథ్యాన్ని దేవుడి మడిలాగా కాపాడింది. పాపం, ప్రేమతోనే. అమ్మ మాత్రం రోజు రోజుకీ సన్నబడింది. మా వీధి చివర ఒక అత్తకు కూడా ఇలాగే పిక్కలు లాగి, పాదాలకు నీరు పట్టి, ఒకనాడు రాట్నం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. అది గుర్తొచ్చి రోజూ అమ్మ నిద్ర లేవకముందే ఆవిడ పాదాలు తడిమి చూసేదాన్ని, నీరు పట్టిందేమోనని.

ఒక మధ్యాహ్నం అమ్మ మగ్గం చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే గుంటలో కూర్చుని నవ్వుతోంది. “అమ్మాయ్, కాస్త వంగి చూడవే. నా కాళ్ళు పలకల మీదే ఉన్నాయా, ఎటైనా షికారెళ్ళాయా?” అంది. కాళ్ళు తొక్కుడు పలకల మీదే ఉన్నాయి. వాటి సంగతి అమ్మకు తెలియడం లేదు. నేనూ నాన్నా చెరో భుజం పట్టి పైకి లాగాం. అమ్మ నవ్వుతూనే ఉంది, నేను మాత్రం వంగి ఆవిడ పాదాలు తడిమాను.

నేను అంతకంటే భయపడింది ఆ వారంలోనే. పెరట్లోకి వెళితే, గేదెల పాక గుంజ పట్టుకుని అమ్మ నేల మీద చతికిలబడి ఉంది. మూతి నిండా తవుడు. గంపలో చెయ్యిపెట్టి గుప్పెళ్ళతో తింటోంది. నా కేకకు నాయనమ్మ పరుగెత్తుకొచ్చి గుండెలు బాదుకుంది. “ఒరే అబ్బాయ్, కోడలికి గాలి సోకిందిరా! భూతవైద్యుణ్ణి పిలవరా!” అని నాన్న మీద పడింది. అమ్మ మూతి తుడుచుకుని, “గాలీ లేదు, దెయ్యమూ లేదత్తయ్యా. ఆకలి. ఆ చప్పిడి కూడు తిని తిని నోరు చచ్చిపోయింది. మీ గేదె నాకంటే రుచిగా తింటోంది” అంది. నాన్న ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయాడు. అప్పుడు నా నోటినుంచి మాట వచ్చింది. “నాన్నా, బెజవాడ డాక్టరు దగ్గరికి పోదాం. వీధి చివర అత్తలాగా అమ్మ కూడా పోతుంది.”

బెజవాడలో డాక్టరు గారు పిక్క నొక్కితే అమ్మ కెవ్వుమంది. మోకాటి మీద చిన్న సుత్తితో కొడితే కాలు కదల్లేదు. ఏం పెడుతున్నారని అడిగారు. మాతో వచ్చిన నాయనమ్మ పథ్యమంతా గర్వంగా ఏకరువు పెట్టింది.

“బియ్యం కడిగిన నీళ్ళు?”

“గేదెకండి.”

“తవుడు?”

“అదీ గేదెకేనండి.”

“గంజి?”

“మగ్గానికండి.”

“అయితే మీ ఇంట్లో గేదె బాగుంటుంది, మగ్గం బాగుంటుంది. కోడలికే ఏమీ పెట్టట్లేదమ్మా మీరు. నరాలకు బలమిచ్చేదంతా గేదెకూ మగ్గానికీ పోసినదాంట్లోనే ఉంది,” అన్నారాయన. నాన్నను పక్కకు పిలిచి, జబ్బు ఇంకా గుండె దాకా రాలేదనీ, వచ్చి ఉంటే తన చేతిలో ఉండేది కాదనీ చెప్పారు. ఆ మాట నాక్కూడా వినపడింది.

సూదిమందులు ఇచ్చారు. ఇంటికి రాగానే నాయనమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా రోకలి దులిపి తనే వడ్లు దంచింది. ఎర్రటి దంపుడన్నం, పప్పు, ఆకుకూర, బెల్లం కలిపిన తవుడు ఉండలు. “దెయ్యం తిండి ఇదిగో, తిను,” అని అమ్మ నోట్లో పెట్టేది. నొప్పులు త్వరగా పోలేదు. పిక్కలు ముందు మెత్తబడ్డాయి, స్పర్శ చాలా ఆలస్యంగా వచ్చింది. అన్నాళ్ళూ నేను అమ్మ మగ్గం చప్పుడు మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని చెవి అటే వేసి ఉంచాను.

అమ్మ ఇప్పుడు మళ్ళీ నేస్తోంది. కానీ ఎడమకాలు పలక మీద రవ్వంత ఆలస్యంగా పడుతుంది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా, ఒక చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య ఉన్న ఆ కాస్త ఖాళీలో నాకు ఊపిరి ఆగిపోతుంది. సంవత్సరాలు ఇట్టే గడిచిపోయాయంటారు అందరూ. ఆ ఒక్క ఖాళీ మాత్రం నాకు ఇంతవరకూ గడవలేదు.