నెమ్మది మామయ్య చేతులు

ముందు టింగుమని ఒక చిన్న శబ్దం. రేకు పళ్ళెం మీద ఏదో పడి, ఎగిరి, సిమెంటు నేల మీదికి జారి దొర్లుకుంటూ పోతున్న చప్పుడు. అది సన్నబడి సన్నబడి గోడ దగ్గరెక్కడో ఆగిపోయింది. తర్వాత ఎవరినో బతిమాలుతున్నట్టు ఒక గొంతు. "ఎక్కడికి పోతావే? రా, రా."

షెడ్డు గుమ్మంలోంచి చూస్తే మనిషి కనబడలేదు. పనిబల్ల కింద రెండు అరికాళ్ళు మాత్రం ఉన్నాయి. అవి మెల్లగా వెనక్కి జరిగాయి. మోకాళ్ళు, నడుము, ఆఖరికి నెరిసిన తల బయటికి వచ్చాయి. ఆయన వేళ్ళ మధ్య మిరియపు గింజంత ఉక్కు గుండు.

"అలిగి వెళ్ళింది," అన్నాడు నాకు చూపిస్తూ.

గుండు వణుకుతోంది. కాదు, చెయ్యి వణుకుతోంది. నేను చూశానని గమనించి ఆయన దాన్ని గుప్పిట్లో మూసేశాడు.

ఆ వీధిలో ఆయన్ని అందరూ నెమ్మది మామయ్య అంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తప్ప ఇంకేమీ ముట్టుకోడు. బోల్టు బిగించేవాడికీ, హారన్ కొట్టేవాడికీ, వానలో పరుగెత్తేవాడికీ ఆయన చెప్పే మాట ఒక్కటే, నెమ్మది. గేరు మారినట్టు తెలియకుండా మారాలంటాడు. నిద్రపోతున్న బిడ్డని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చినట్టు.

నేను తీసుకెళ్ళినది మా బావ ఏళ్ళ తరబడి కొండదారుల్లో తిప్పి నాకు వదిలేసిన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండి. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా నడిచేది. వేడెక్కాక రెండో గేరు నుంచి మూడో గేరుకి పోవడానికి మొరాయించేది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క ఊపు.

మామయ్య ముందుగా ఆయిలు కొలపుల్ల తీసి, తెల్ల గుడ్డ మీద తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆయిలు మాడలేదు. అలసిపోయిందంతే. లోపల క్లచ్ ప్లేట్లు బాగానే ఉన్నాయమ్మాయ్. వాల్వ్ బాడీలో దారులు మూసుకుపోయుంటాయి. కడిగితే సరిపోతుంది."

పక్క కొట్టులోంచి టైర్లాయన తొంగిచూశాడు. ఆయన మామయ్యకి స్వయానా బావమరిది. కొట్టు నిండిపోయి, కొత్త టైర్లు వీధిలో ఎండకి ఎండుతున్నాయి.

"ఈ బండే ఆఖరిది కదా బావా? పైనెల నుంచి షెడ్డు నాకిస్తానన్నావు."

"అనలేదు. ఆలోచిస్తానన్నాను."

"నీ ఆలోచన కూడా నెమ్మదేనాయె! ఈలోపు నా టైర్లు ముసలివైపోతాయి."

"నీ నోటికన్నా టైర్లే నయం. వాటికి గాలి అప్పుడప్పుడైనా తగ్గుతుంది."

షెడ్డు ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. మామయ్య భార్య, నేను అత్తయ్య అనడం మొదలుపెట్టిన మనిషి, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే నవ్వింది. పెళ్ళిగౌనులకి ముత్యాలు కుట్టడం ఆవిడ పని. ఒళ్ళో తెల్లటి బట్ట మబ్బులా పరుచుకుని ఉంది. దానికి అవతల, తలుపు దాటితే, నూనె మరకల చీకటి. ఆ రెండిటి మధ్యా ఒక పాత కర్టెను. ఇన్నేళ్ళలో ఒక్క గౌనుకీ మరక అంటలేదట.

టీ తెచ్చింది. నాకు గ్లాసు నిండా, ఆయనకి సగం. కాసేపటికి వచ్చి మళ్ళీ సగం పోసింది. గ్లాసు పెదాల దాకా వెళ్ళేలోపు అందులో చిన్న చిన్న అలలు లేచాయి. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

వాల్వ్ బాడీ అంటే గేర్‌బాక్సుకి మెదడులాంటిది. రెండు అల్యూమినియం పలకలు. వాటి లోపల చీమలు తొలిచినట్టు సన్నని కాలువలు. ఆ కాలువల మలుపుల్లో గుంటలు, గుంటల్లో ఉక్కు గుండ్లు. ఆయిలు ఎటు తోస్తే గుండు అటు జరిగి, ఒక దారి మూసి ఇంకో దారి తెరుస్తుంది. బిగించేటప్పుడు పైపలకని బోర్లించాలి. అప్పుడు గుండ్లు రాలిపోకుండా గుంటలో కాస్త వాజలీను రాస్తారు. ఆయిలు వేడికి అది కరిగి కలిసిపోతుంది. అంత నాజూకు పని. ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఒక ఇంటి గదులన్నీ తిప్పి చూపిస్తున్న ఆనందం ఉంది.

నన్ను సాయంత్రం రమ్మన్నాడు. నేను వెళ్ళేసరికి బండి కింద పని అంతా అయిపోయింది. కొత్త ఆయిలు పోసి, ఇంజను నడుస్తుండగానే కొలపుల్ల తీసి చూశాడు. నేను తోలాను, ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. ఒకటి, రెండు. వీధి చివరి ఎత్తు ఎక్కాం. మూడో గేరు రాలేదు. ఆలస్యంగా కూడా రాలేదు. ఇంజను గొంతు చించుకుంటోంది. ఇంతకుముందు మొరాయించేది, ఇప్పుడు అసలు రానంటోంది.

"వెనక్కి తిప్పమ్మా," అన్నాడు. దారంతా తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళేటప్పటికి వాల్వ్ బాడీ మళ్ళీ పనిబల్ల మీదికి వచ్చేసి ఉంది. అత్తయ్య పక్కనే నిలబడి ఉంది. పలకలు విడదీసి ఆయన లైటు దగ్గరికి పట్టాడు. గుంటల్లో తేనెరంగులో చిక్కటి ముద్దలు. కరగలేదు. కాలువకి అడ్డంగా కూర్చున్నాయి.

అత్తయ్య వేలితో తీసి చూసింది. "ఇది చక్రాల బేరింగులకి పెట్టే గ్రీజు కదండీ?"

ఆయన గుడ్డ తీసుకుని పలక అంచు తుడిచాడు.

"దీన్ని పూసినందుకే కదా ఆమధ్య ఇక్కడ పనిచేసిన ఎర్రచొక్కా మెకానిక్కుని వీధంతా వినేలా తిట్టారు! వాడు నాలుగు రోజులు అన్నం తినలేదు."

"తిట్టాను."

"మరి?"

ఆయన పళ్ళెంలోని గుండ్లనే చూస్తూ చెప్పాడు. "వాజలీను మెత్తగా ఉంటుందే. గుండు పెట్టి చెయ్యి తీసేలోపే చెయ్యి తగిలి లేచిపోతోంది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. గ్రీజయితే గట్టిగా పట్టుకుంటుంది. పైపైన కొంచెమే కదా, కరుగుతుందిలే అనుకున్నాను." తల ఎత్తకుండానే, "కరగదని తెలుసు," అన్నాడు.

పక్క కొట్టులో టైరు విప్పుతున్న చప్పుడు గట్టిగా వినబడింది. అది వినబడగానే మామయ్య తల అటు తిరిగింది. ఈ పని లేకపోతే ఈ గోడల మధ్య ఏముంటుందో అప్పుడే ఆయనకి కనబడిందనుకుంటాను.

"మీ తమ్ముడికి చెప్పు," అన్నాడు. "షెడ్డు తీసుకోమను."

అత్తయ్య కర్టెను తప్పించుకుని ముందుగదిలోకి వెళ్ళింది. అటు నుంచి తమ్ముడి దగ్గరికే వెళ్ళిందనుకున్నాం ఇద్దరం. తిరిగి వచ్చినప్పుడు చేతులు మోచేతుల దాకా కడుక్కుని ఉంది. కళ్ళజోడు మార్చుకుంది. ఒక చేతిలో ముత్యాలు పట్టుకునే చిన్న పటకారు, ఇంకో చేతిలో వాజలీను డబ్బా.

"రాత్రిళ్ళు మీ మడమలకి రాసేదే. దీనికి పనికొస్తుందా, లేకపోతే ఇంతకన్నా గొప్ప మడమలకి రాసేది కావాలా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "నీకేం తెలుసే ఇందులో?"

"మీకు తెలుసు కదా. చెప్పండి."

గ్రీజు ముద్దలన్నీ తీసి, పలకల్ని మళ్ళీ కడిగి, ఆరబెట్టారు. ఆయన స్టూలు జరుపుకుని ఆవిడ భుజం వెనక కూర్చున్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పుస్తకం లేదు, బొమ్మ లేదు. కళ్ళు సగం మూసుకుని చెబుతుంటే ఆవిడ పెడుతోంది.

"ఎడమ మూల, చంద్రవంకలాంటి మలుపు. అక్కడొకటి. దాని పక్కది వదిలెయ్. అది ఖాళీగానే ఉండాలి."

"ఖాళీగా ఉండేదానికి గుంట దేనికండీ?"

"చేసినవాణ్ణి అడుగు. కుడివైపు, పొడుగు కాలువ చివర. అక్కడ పెద్దగుండు."

"ఇదా?"

"దాని అక్క."

ఆవిడ నవ్వితే భుజం కదిలింది గానీ చెయ్యి కదలలేదు. గుంటలో వాజలీను చుక్క, దాని మీద గుండు, పటకారు కొసతో ఒక్క చిన్న తాకుడు. గౌను మెడచుట్టూ ముత్యాలు కుట్టేటప్పుడు ఎంత శ్రద్ధో అంత శ్రద్ధ. పైపలక బోర్లించినప్పుడు ముగ్గురం కింద పళ్ళెం వైపే చూశాం. ఒక్కటీ రాలలేదు.

"బోల్టులు మధ్య నుంచి బయటికి. కొంచెం కొంచెం. నెమ్మది."

"ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఒక్కటైనా కొత్తగా చెప్పండి."

బండి కింద పలకని ఎత్తి పట్టుకున్నదీ, బరువు మోసిందీ ఆయన భుజమే. బరువు ఎత్తడానికి వణుకు అడ్డం రాదట. వేళ్ళ కొసలతో చేసేది మాత్రం ఆవిడ చేసింది. తలుపు దగ్గర నిలబడి టైర్లాయన చూశాడు. ఏదో హాస్యమాడబోయాడు. అక్క చెంప మీద నల్లటి మరక కనబడి నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి చూస్తే, షెడ్డు సంగతి వదులుకున్నట్టు, వీధిలో టైర్ల మీద తడికలు కప్పుతున్నాడు.

ఈసారి ముగ్గురం వెళ్ళాం. అత్తయ్య వెనక సీట్లో. మామయ్య అలవాటుగా గేరు కడ్డీ మీద అరచెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశాడు. "చెయ్యి అదురుతోందో బండి అదురుతోందో తెలియట్లేదు," అని సీటుకి వీపు ఆనించి కూర్చున్నాడు. వీపుతో వింటున్నాడు. బండి వేడెక్కాలని ఊరు దాటి చాలా దూరం తీసుకెళ్ళాను. ఎత్తు మొదలైంది. ఒకటి. రెండు. ఇంజను గొంతు కాస్త లేచి, దిగింది. అంతే. మూడో గేరు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియలేదు. అద్దంలో చూస్తే అత్తయ్య ముఖంలో కూడా ప్రశ్నే కనబడింది.

"వచ్చేసింది," అన్నాడాయన కళ్ళు మూసుకునే.

షెడ్డు దగ్గర వాళ్ళని దింపాను. అత్తయ్య గౌను పని ఉందంటూ సబ్బు కోసం పరుగెత్తింది. మామయ్య బండి కిటికీ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇప్పుడు దాన్ని దాచుకోలేదు. కిటికీ అద్దం సన్నగా గలగలమంది.

"చూడమ్మాయ్, కొండ మీద ఎక్కడైనా మళ్ళీ తన్నితే ఫోన్ చెయ్యి. నాక్కాదు, మీ అత్తయ్యకి. నేనైతే ఏం లేదులే అని అబద్ధం చెప్పినా చెబుతాను."