ఫిలొమీన్ వదిన కట్టిన వడ్లు

మా అన్న బాసిల్ కట్టుకొచ్చిన మనిషి ఫిలొమీన్. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పెళ్ళయి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజునే, నేను వండిన కుందేలు కూర నోట్లో పెట్టుకుని, "దీని ప్రాణం తీసింది మీ అన్న తుపాకీయా, నీ వంటా?" అంది. మా వాళ్ళలో వదినా మరదళ్ళు ఒకరినొకరు ఆడిపోసుకోకపోతే మర్యాద తప్పినట్టే. నేనూ ఊరుకోలేదు. "పళ్ళున్నవాళ్ళ కోసం వండాను లే" అన్నాను.

ఆవిడకి ముందు పళ్ళు రెండు లేవు. తెల్లవాళ్ళ బోర్డింగు బడిలో మా భాష మాట్లాడిందని ఒక సిస్టరు కొడితే ఊడిపోయాయి. ఆ సందులోంచే చచ్చేదాకా మా ఓజిబ్వే తెగ మాటే మాట్లాడింది, ఈల వేసినట్టు.

అన్న దుంగలు తోలే పనిలో ఉండేవాడు. ఒక వసంతంలో మంచు కరిగి ఏరు పొంగినప్పుడు దుంగల కింద పడి చనిపోయాడు. అప్పటినుంచి వదినకి ఆధారం మెలిక సరస్సులో ఎవరూ నాటకుండా తనంత తానే పండే నీటివడ్లే. చేపల పులుసులో అవే, జింక మాంసంతో అవే, జబ్బుపడ్డవాడికి గంజి అవే. చలికాలం అంతా ఆవిడ పొయ్యి మీద ఆ వాసనే.

ఆ సరస్సు మా తెగకి మిగిల్చిన నేల, రిజర్వేషను అంటారు, దాని గీతకి అవతల ఉంది. గీత గీసింది సర్కారు. సరస్సు ఆ గీత కంటే ముసలిది. మా ముత్తాతలు సర్కారుతో ఒడంబడిక చేసుకున్నప్పుడు నేల వదులుకున్నారు గాని, ఆ నేల మీద వేటాడటం, చేపలు పట్టడం, వడ్లు రాల్చుకోవడం వదులుకోలేదు. అది సర్కారు మాకు చేసిన దానమని చదువుకున్నవాళ్ళు కూడా అంటూంటారు. ఇల్లు అమ్ముకున్నవాడు పెరటి బావి మాత్రం నాదేనని ఉంచుకుంటే, అది కొన్నవాడు పెట్టిన భిక్షా?

పెద్ద యుద్ధం అయిపోయి, పట్నం వాళ్ళ చేతికి మోటారు పడవలు వచ్చిన కాలం అది. మెలిక సరస్సు ఒడ్డున రిసార్టులు లేచాయి. గీత దాటి వడ్లు రాల్చాలంటే ఇక లైసెన్సు కొనాలని, ఫలానా రోజుకి ముందు ఎవరూ నీళ్ళలోకి దిగకూడదని రాష్ట్రం వాళ్ళు పేపర్లో వేశారు.

మాకు పేపరుతో పనేమిటి? ఇక వడ్లు రాల్చుకోవచ్చని సరస్సు తెరిచే మాట పెద్దవాళ్ళలో ఒకరిది. ఆ ఒకరు అప్పుడు మా వదినే. ఆవిడ దోనెలో వెళ్ళి, చిటికెడు పొగాకు మొక్కుగా నీళ్ళలో వదిలి, కంకి వంచి చూసి, "ఇంకా లేదు" అంటే వయసు కుర్రాళ్ళు కూడా నోరు మూసుకుని ఒడ్డునే కూర్చునేవాళ్ళు. పచ్చి కంకిని కర్రతో కొడితే గింజా రాలదు, కాడా మిగలదు. ఆ ఏడు పేపర్లో వేసిన రోజు మరీ ముందుగా ఉంది. పరాయి పడవలు ఆ రోజున దిగితే మాకు పొట్టు కూడా మిగలదని అందరికీ తెలుసు.

"కట్టేస్తాను" అంది వదిన.

"ఏం కడతావు? రిసార్టువాళ్ళ మెడకి తాడా?"

"అంత నార ఎక్కడిదే నా దగ్గర! వడ్లు కడతాను. మా అమ్మమ్మ కట్టినట్టు."

పాతకాలంలో గింజ పాలు పోసుకుంటున్నప్పుడే ఆడవాళ్ళు దోనెల్లో వెళ్ళి, నిలబడ్డ కాడల్ని పిడికెడు పిడికెడు దగ్గరికి లాగి, తలలు వంచి, బెరడు నారతో కట్టేవాళ్ళు. గాలికి రాలవు, పిట్టలు తినవు. ఒక్కో ఇంటిది ఒక్కో ముడి. ముడి చూస్తే ఇది ఫలానావాళ్ళదని తెలిసిపోయేది, ఇంకొకరు ముట్టేవాళ్ళు కాదు. మా కాలానికి ఆ అలవాటు పోయింది. వదిన వేళ్ళకి మాత్రం గుర్తుంది.

నేను గెడ వేస్తుంటే ఆవిడ కడుతూ పోయింది. గాలి లేదు. వడ్ల పొలం కట్టిన వరసల్లో వంగి, తలలు దించుకుని నిలబడ్డ మనుషుల్లా కనిపించింది. నాకది నచ్చలేదు.

"వదినా, అటు చూడు" అన్నాను.

రెల్లు మధ్య నీటి ఎలుకలు గూళ్ళు కట్టుకున్నాయి. ఎప్పుడూ మోకాలెత్తు కట్టేవి ఆసారి నడుమెత్తు లేపాయి. ఎండాకాలం ఇంకా పోనేలేదు.

"చలి గట్టిగా ఉంటుంది కాబోలు. కట్టెలు ఎక్కువ కొట్టించుకో. నీ మొగుడికి ఎలాగూ పనిలేదుగా" అంది.

నీటి ఎలుక గూడు ఎత్తుగా కడితే మంచు ఎక్కువ పడుతుందని మా అందరి లెక్క. మా అమ్మ చెప్పింది, ఆవిడ అమ్మ చెప్పింది. అది ఇంకోలా కూడా చెబుతుందని ఎవరికీ తట్టలేదు.

మధ్యలో వేట, చేపల చట్టాలు చూసే రాష్ట్రం వార్డెన్ వచ్చాడు. టోర్వాల్డ్ అని, చిన్నప్పుడు ఆకలేస్తే మా వాకిట్లోనే తిని పెరిగినవాడు. ఇప్పుడు నడుముకి తుపాకీ.

"పెద్దమ్మా, రోజు రాకముందే కోస్తున్నారని ఫిర్యాదొచ్చింది."

"కళ్ళున్నాయా నీకు? దోనెలో ఒక్క గింజ చూపించు. కడుతున్నాను. కట్టకూడదని మీ చట్టంలో ఉందా?"

వాడు టోపీ తీసి తల గోక్కున్నాడు. "లేదు."

"మరైతే దారికడ్డం తప్పుకో. నీ పడవ నీడకి కంకి ముడుచుకుంటోంది."

వాడు నవ్వి వెళ్ళిపోయాడు. వదిన ఆ రోజంతా ఈల వేస్తూనే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. దోనె లాగడానికి మేము కాలు మోపే రాయి ఒకటి ఉండేది. పొద్దున పొడిగా ఉన్న రాయి, తిరిగొచ్చేసరికి తడిగా ఉంది. వాన పడలేదు.

తర్వాత ఆ రాయి కనబడనే లేదు.

దిగువన ఆనకట్ట ఉంది. పడవ మోటార్ల రెక్కలు నీటి అడుగు మొద్దులకి తగిలి విరిగిపోతున్నాయని రిసార్టులవాళ్ళు మొరపెట్టుకుంటే, అక్కడివాళ్ళు తలుపులు దించేశారట. మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు, చెప్పినవాళ్ళు లేరు. నీళ్ళు చప్పుడు లేకుండా ఎక్కాయి. సరస్సు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. వడ్ల కాలంలో గోల గోలగా ఉండే నల్లపిట్టలు ఒక్కటీ లేవు. బురద వాసన ఇళ్ళదాకా వచ్చింది.

విడిగా నిలబడ్డ కాడలు కొన్ని మునిగి, కొన్ని వంగి, ఎలాగో వేళ్ళు పట్టుకుని ఉన్నాయి. కట్టినవి అలా కాదు. ఒక కాడ వేరు వదిలితే పక్కదాన్ని లాగింది, అది ఇంకోదాన్ని లాగింది. కట్టకి కట్ట వేళ్ళతో సహా లేచి తేలిపోయింది. వదిన ముడి ఎంత గట్టిదో అంత త్వరగా.

ఆవిడ ఒడ్డున నిలబడి చూసింది. నేను ఏదో ఒక మాట అనాలి, మరదల్ని కదా. గెడ తీసుకుని దోనె దగ్గరికి నడిచాను.

"ఎక్కడికి పోయుంటాయి?" అంది.

గాలి ఎటుంటే అటే. రిసార్టుల్లో పెద్దదాని రేవు దగ్గరికి కొట్టుకుపోయాయి. మేము దోనెలో వెళ్ళేసరికి చెక్క రేవు చుట్టూ పచ్చగా తేలుతున్నాయి. రిసార్టు యజమాని పనివాళ్ళ చేత కొంకి కర్రలతో వాటిని ఒడ్డుకి లాగించి, కుప్ప వేయించి, పెట్రోలు డబ్బా పక్కన పెట్టుకుని నిలబడ్డాడు.

వదిన దోనె దిగి, నీళ్ళలో నడుములోతు నడిచి, ఒక్కో కట్టా తీసి నా చేతికి ఇవ్వడం మొదలుపెట్టింది.

"ఏయ్ ముసలిదానా! ఇది నా రేవు. దిగితే కేసు పెడతాను."

"రేవు నీదే. నీ చెక్కలు నేను పట్టుకుపోవడం లేదు. ముడి ఉన్నది నాది."

యజమాని టెలిఫోన్ చేశాడు. టోర్వాల్డ్ వచ్చాడు. దోనెలో కట్టలు, కట్టల్లో పచ్చి కంకులు, పేపర్లో వేసిన రోజు ఇంకా రాలేదు. వదిన దగ్గర లైసెన్సు లేదు. వాడికి చేయాల్సింది వాడికి తెలుసు.

నీళ్ళ అంచుదాకా వచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, నా మాట విను. ఇది చెత్త అను. కొట్టుకొచ్చిన చెత్త ఎత్తుతున్నానని చెప్పు. అంతే. నేను వెళ్ళిపోతాను, నువ్వూ ఇంటికి వెళ్ళిపోతావు."

"వడ్లు అంటే?"

"రోజు రాకముందు, లైసెన్సు లేకుండా వడ్లు పట్టుకున్నట్టు. జైలుకి తీసుకెళ్ళాలి."

నేను లోగొంతుకతో అన్నాను, "వదినా, అనేయ్. చలికాలం వస్తోంది. ఎలాగూ ఇందులో తినేందుకు గింజ లేదు."

ఆవిడ నావైపు చూసిన చూపు నాకింకా భయమే. "గింజ లేదనేగా! చెత్త అన్నాననుకో, రేపు వీళ్ళు సరస్సంతా చెత్తే అంటారు. ఫిలొమీనే చెప్పిందంటారు."

తడిసిన గౌనుతో ఒడ్డెక్కి, టోర్వాల్డ్ ఎదుట నిలబడింది. ఒక కట్ట ఎత్తి, బురద వేళ్ళు వాడి బూట్ల మీద కారుతుంటే, రేవు మీదున్నవాళ్ళంతా వినేలా అంది. "ఇవి వడ్లు. మెలిక సరస్సువి. నావి. రాసుకో."

వాడు రాసుకున్నాడు. కారు తలుపు వాడే తీశాడు. ఎక్కుతూ వదిన నాతో, "మిగిలినవి ఇంటికి పట్టుకుపో. నీ వంటలో పడెయ్యకు" అంది. అదే ఆ రోజు ఆవిడ వేసిన ఒక్క జోకు. యజమాని కుప్ప మీద పెట్రోలు పోస్తున్నాడు. పచ్చి వడ్లు మండవు, పొగలేస్తాయి. ఆ పొగ కారు వెనకాలే దారి పొడుగునా వెళ్ళింది.

జరిమానా కట్టి వచ్చెయ్యమన్నారు. కట్టలేదు. మంచు పడేదాకా లోపలే ఉంది. అక్కడ పట్టిన దగ్గు మళ్ళీ వదల్లేదు. ఇంకా కొన్ని చలికాలాలు బతికి, ఆ దగ్గుతోనే పోయింది. నీళ్ళు మళ్ళీ దిగలేదు, మిగిలిన కాడలూ కుళ్ళిపోయాయి. ప్రతి ఆగస్టులో సరస్సు దగ్గరికి పోయి, పొగాకు వదిలి, వంచి చూడటానికి కంకి లేక తిరిగొచ్చేది. లైసెన్సు మాత్రం ముట్టలేదు.

ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి పెద్ద కోర్టు ఆ హక్కు మాదేనంది. ఎన్నడూ పోలేదంది. మా వాళ్ళు డప్పులు కొట్టారు, నేనూ ఆడాను, మోకాళ్ళు ఓపినంతమేర. మర్నాడు మెలిక సరస్సుకి వెళ్ళాను. మేము కట్టిన చోట నీళ్ళు మిసమిసలాడుతున్నాయి, లోతుగా, నల్లగా, ఒక్క కాడ లేకుండా. దిగువన ఆనకట్ట తలుపులు ఎవరి చేతిలో ఉన్నాయో కోర్టు చెప్పలేదు.

మా వాళ్ళు ఆ పక్కన లోతు తక్కువున్న చోట మళ్ళీ విత్తనం చల్లారు. ఈ ఏడు నీటి మీద ఆకులు పరుచుకున్నాయట. చూడమని నన్ను తీసుకెళ్ళారు. చూశాను. బాగానే ఉన్నాయి. వచ్చినప్పుడు పొడిగా ఉన్న ఒడ్డున, నిలబడ్డ చోటే నా చెప్పులు తడిశాయి. వాన పడిందా అని అడిగాను. పడలేదన్నారు.