పన్నెండుమంది గ్యాంగ్‌మెన్

మా ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద కొత్తగా తెరిచిన కళ్ళద్దాల దుకాణంలో మొన్న నన్ను చీకటి గదిలో కూర్చోబెట్టి, గడ్డాన్ని ఒక ఇనుప చట్రం మీద ఆనించమన్నారు. చట్రం చల్లగా ఉంది, స్పిరిట్ వాసన కొడుతోంది. ఎదురుగా గోడ మీద సగం ఎరుపు, సగం ఆకుపచ్చ వెలిగాయి. రెండింటి మీదా నల్లటి అక్షరాలు. "కాకూ, ఎరుపు మీదవి బాగా కనబడుతున్నాయా, పచ్చ మీదవా?" అని అడిగింది పరీక్ష చేసే బెంగాలీ అమ్మాయి. అడగని ప్రశ్నలకు కూడా జవాబులు చెప్పే మనిషిని నేను. అలాంటిది ఆ రెండు రంగులనూ పక్కపక్కన చూడగానే అక్షరాల సంగతే మరిచిపోయాను. ఆ పిల్ల మూడోసారి అడిగాక, "రెండూ ఒకలాగే కనబడే మనిషి ఒకడు నాకు తెలుసమ్మా" అన్నాను. ఆమె దాన్ని జవాబుగా లెక్కవేయలేదు.

ఆ మనిషి పేరు పైడిరాజు. ఖరగ్‌పూర్‌లో తెలుగు మీడియం హైస్కూల్లో ఐదేళ్ళు నా పక్కనే కూర్చున్నాడు. మా క్లాసులో చాలామంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళే. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. పైడిరాజు తండ్రి అప్పన్న గ్యాంగ్‌మన్, అంటే పట్టాలు బాగుచేసే జట్టులో మనిషి. జట్టు వంగి పని చేసుకుంటుంటే, దూరాన ఎర్రజెండా పట్టుకుని వచ్చే బండిని ఆపడం తరచు అతని వంతు. ఇక నా పని కోతలు కోయడం. "మన ప్లాట్‌ఫారం ఈ చివర పాలు కొంటే, ఆ చివరికి నడిచేసరికి పెరుగైపోతాది" అని నేనంటే క్లాసంతా నవ్వేది. పైడిరాజు నవ్వేవాడు కాదు. కాసేపు ఆలోచించి, "మరి తోడు ఎవులెట్టినారు?" అని అడిగేవాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగేవాడు. నా కథల్లోని మనుషుల బాగోగులు పట్టించుకున్న శ్రోత నాకు వాడొక్కడే.

వాడి కళ్ళ సంగతి మాకు తొమ్మిదో తరగతిలోనే తెలియాల్సింది. సాంబమూర్తి మాస్టారు భారతదేశం పటానికి రంగులు వేసి తెమ్మన్నారు. పైడిరాజు అడవులకు మట్టిరంగు వేశాడు, గోదావరికి ఊదారంగు. మాస్టారు పటం ఎత్తి చూపించి, "ఏమిరా, అడవులన్నీ ఇలా ఎండబెట్టేశావు?" అన్నారు. వాడు బిక్కమొహం వేశాడు. నేను లేచి, "ఈ ఏడు వానల్నేవు సార్" అన్నాను. "మరి గోదావరో?" "గట్టున నేరేడు సెట్లున్నాయి సార్. పళ్ళు రాలినాయి." మాస్టారితో సహా అందరూ నవ్వేశారు. పటం సంగతి అక్కడితో మరుగున పడింది. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే, ఆయన వాడిని మరో రెండు ప్రశ్నలు అడిగేవారేమో.

పదో తరగతి ఆఖరి పరీక్ష రాసి, బడి గోడ మీద కూర్చుని ఎవరు ఏమవుతారో చెప్పుకున్నాం. చాలామందిది ఒకటే మాట: వర్క్‌షాపులో అప్రెంటీసు దొరికితే చాలు. సుభాష్‌పల్లి నుంచి వచ్చే ఎస్తేరు నర్సవుతానంది. వాళ్ళమ్మ చర్చిలో అప్పటికే ఆ సంగతి ప్రకటించేసిందట. నేను ముగ్గురికి మూడు రకాలుగా చెప్పాను. పైడిరాజు మాత్రం, "ఇంజను డ్రైవరు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. వాళ్ళ తాత పట్టాల మీద చేశాడు, తండ్రి పట్టాల మీద చేస్తున్నాడు. "మా ఇంట్లో ఒకడైనా ఇంజనెక్కాల" అని అప్పన్న గోల్‌బజార్‌లో చేపలమ్మే వాళ్ళకు కూడా చెప్పుకునేవాడు.

ఐటీఐ అయింది. అసిస్టెంట్ డ్రైవర్ల రాతపరీక్షలో వాడు గట్టెక్కాడు, నేను తప్పాను. ఇక మెడికల్ ఒకటే మిగిలింది. అప్పటికి నర్సు ట్రైనింగులో ఉన్న ఎస్తేరు, "ముందర రంగుసుక్కల పుస్తకం సూపిత్తారు. సుక్కల మజ్జిన అంకె కనబడాల. ఒకపాలి సూసుకుని ఎల్లండి" అని హెచ్చరించింది. గోల్‌బజార్‌లో కళ్ళద్దాలమ్మే ముసలి బెంగాలీ దాదా దగ్గర అలాంటి పుస్తకం పాతదొకటి ఉండేది. ఆయన మొదటి పేజీ తెరిచాడు. పైడిరాజు పన్నెండు అన్నాడు. ఆ మొదటిది ఎవరికైనా కనబడుతుందట. రెండో పేజీలో వాడికి ఏమీ కనబడలేదు. మూడో పేజీలోనూ లేదు. దాదా పుస్తకం మూసి, "డ్రైవర్ హొబే నా, బాబా" అన్నాడు. డ్రైవరు పని కుదరదు నాయనా అని. తిరిగొస్తుంటే ఇంటి సందు దగ్గర పైడిరాజు, "అయ్యకేటి సెప్పాల?" అన్నాడు.

నేనుండగా వాడికి దిగులెందుకు? మర్నాడు ఒక్కడినే దాదా దగ్గరికి వెళ్ళి, దుర్గాపూజ నాటకంలో కళ్ళ డాక్టరు వేషం వేస్తున్నానని చెప్పి పుస్తకం చేతికి తీసుకున్నాను. అంకెలన్నీ వరసగా బుర్రకెక్కించుకుని, వాటితో ఒక కథ అల్లాను. పన్నెండుమంది గ్యాంగ్‌మెన్ పొద్దున్న ఎనిమిదింటికి తలా ఆరు ఇడ్లీలు తిని ఇరవై తొమ్మిదో స్తంభం దగ్గర పనికి దిగారు. యాభై ఏడేళ్ళ మేస్త్రీ ఐదు బీడీలు కాల్చి మూడు తిట్లు తిట్టాడు. ఇలా చివరి పేజీ దాకా. వారం రోజులు వాడిచేత వల్లె వేయించాను. ఎస్తేరుకు తెలిసి, "పుస్తకం అయినాక రంగు దీపాలు కూడా సూపిత్తార్రా, ఎదవా!" అని కేకలేసింది. "దీపాలకి ఇంకో కత కడతాను" అన్నాను. నా మీద నాకు అంత నమ్మకం.

మెడికల్ రోజున ఆసుపత్రి బయట సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాను. పదిన్నరకి లోపలికి వెళ్ళినవాడు పదకొండుకే వచ్చేశాడు. "ఏటయింది?" అన్నాను. నాలుగు పేజీలు టకటకా చెప్పాడట. ఐదోది తెరవగానే, "కనబడ్డం నేదు సార్" అన్నాడట. ముందువి ఎలా చెప్పావని డాక్టరు అడిగితే, కథ కంఠతా పట్టానని ఒప్పేసుకున్నాడట. నాకు ఒళ్ళు మండింది. "ఒరే ఎర్రోడా, ఐదోది మేస్త్రీ కదరా! మర్సిపోనావా?"

"మర్సిపోనేదు. ఇరవై తొమ్మిదో స్తంభం కాడ ఆళ్ళు పట్టాల మీదకి దిగిపోనారు. పన్నెండుమందీ వొంగి పని సేసుకుంటన్నారు. నాను బండి తోలుకొస్తన్నాను. ఎవుడో జెండా ఊపుతన్నాడు. అది ఏ జెండాయో నాకు తెల్దు సూరిగా."

"అది కతరా!"

"కతే. ఆళ్ళనక్కడ ఎట్టినోడివి నువ్వే గదా. మరి తీసేవోడెవుడు?"

ఆ ప్రశ్న వినబడనట్టు నేను స్టాండులోంచి సైకిలు బయటికి లాగాను. కానీ నా బుద్ధి ఊరుకుంటుందా? దారిలో మళ్ళీ మొదలుపెట్టాను. "పోస్టులే రద్దయిపోనాయని మీ అయ్యకి సెప్దాం. సర్కారు మీదకి తోసేద్దాం" అన్నాను. ఇంటికి వెళ్ళేసరికి అప్పన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. గోడకు ఆనించిన కర్రలకు రెండు జెండాలూ చుట్టి ఉన్నాయి. పైడిరాజు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, పుస్తకం, నా కథ, డాక్టరు, అన్నీ.

అప్పన్న చెంబు కింద పెట్టాడు. ఆ కర్రలు తెచ్చి జెండాలు విప్పి, రెండు చేతుల్లో రెండూ పట్టుకున్నాడు. "ఇయ్యెలగ కనబడతన్నాయిరా నీకు?"

"ఎండిపోయిన ఆకునాగ, అయ్యా."

"రెండూనా?"

"రెండూ."

అప్పన్న ఆ జెండాలను కిందికి దించాడు. "ఊరందరికీ సెప్పుకున్నాను" అన్నాడు, తనతో తనే అన్నట్టు. తర్వాత వాటిని జాగ్రత్తగా మళ్ళీ చుట్టి, కొడుకును తిట్టకుండా నా వైపు తిరిగాడు. "సూరిబాబూ, ఆ కతేదో నాకూ సెప్పు."

చెప్పాను. ఇడ్లీలు, బీడీలు, తిట్లు, అన్నీ చెప్పాను. పుస్తకంలో అంకెలు అయిపోయాయి కాబట్టి కథ కూడా అక్కడే ఆగిపోయింది, జట్టు పట్టాల మీద ఉండగానే. అప్పన్న ఇంకా ఎదురుచూస్తున్నాడు. "మరి బండొచ్చినాదా?" అన్నాడు.

"నేదు బాబాయ్. పన్నెండుమందీ పట్టాలు దిగిపోయి ఇళ్ళకెల్లిపోనారు."

"అదీ!" అన్నాడు. "బేగి అన్నాలెట్టండే, గుంటలు ఆకలితో ఉన్నారు" అని లోపలికి కేకేశాడు. ఆ పూట చేపల పులుసు. ముగ్గురం ఒకే వరసలో కూర్చుని తిన్నాం.

రెండేళ్ళకు పైడిరాజుకు వర్క్‌షాపులో చక్రాలు సానపట్టే చోట పని దొరికింది. రంగులతో పనిలేని పని. ఇంజను ఎక్కలేదన్న బాధ వాడికి పోయిందని నేను చెప్పను. బండి కూత వేస్తే ఇప్పటికీ మాట ఆపి వింటాడు. ఎస్తేరు నర్సయింది, ఇప్పటికీ నన్ను కేకలేస్తుంది. నేను గూడ్సు వ్యాగన్లు పరీక్షించే పనిలో చేరాను. బ్రేకులు, స్ప్రింగులు, కొక్కేలు చూసి, బాగుంటే పక్కన సుద్దతో ఫిట్ అని రాయాలి. ఊళ్ళో నేను చెప్పే మాట సగానికి కోసుకుని కూడా ఎవరూ నమ్మరు, నమ్మాలని నేనూ అనుకోను. కథ చెబితే మాత్రం అందులోకి వచ్చిన వాళ్ళందరినీ ఇంటికి చేర్చాకే ఆపుతాను. ఇక ఆ సుద్దముక్క దగ్గరైతే కథలే లేవు. నిన్న పొద్దున్న కూడా బండి ఆలస్యమవుతోందని ఫోన్ల మీద ఫోన్లు. "సూరిదా, పైనుంచి బాగానే ఉంది కదా, రాసెయ్" అన్నాడు తోటి బెంగాలీ ఎగ్జామినరు. నా మోకాళ్ళు ఈమధ్య వంగడం లేదు. "ఉండు దాదా" అని, పట్టా పట్టుకుని, టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ వ్యాగన్ కిందికి దూరాను.