నేను తీసేసిన చింతగింజ

పోయిన మంగళవారం, ఇక్కడ ఐర్లండులో, మా అమ్మాయి వాళ్ళ పక్కింటి ఐరిష్ ఆవిడ వెంట నేవన్ ఊరు దాటి పల్లెల వైపు వెళ్ళాను. ఆవిడ చర్చి తరఫున ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మంచిచెడ్డలు కనుక్కుని వస్తూంటుంది, కూతురింట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను తోడు రమ్మంటుంది. ఆ రోజు వెళ్ళిన ఇంటాయన ఎనభై దాటిన రైతు. మమ్మల్ని చూడగానే అంచుకు బంగారు గీతలున్న కప్పులు తీశాడు, కేకు కోశాడు, ఏమైనా కావాలా అని ఎన్నిసార్లు అడిగినా "ఐయామ్ గ్రాండ్", నాకేం లోటు లేదు అన్న ఒక్క మాటే. ఆవిడ టీ తాగి, కప్పులు కడుగుతానంటూ వంటింట్లోకి వెళ్ళి, వాటిని సర్దే వంకతో ప్రెస్ తలుపు తెరిచింది. వంటింటి అల్మారాని ఇక్కడ ప్రెస్ అంటారు లెండి. లోపల ఒక టీపొడి డబ్బా, అడుగంటిన ఓట్స్ పొట్లం, అంతే. ఆవిడ చప్పుడు కాకుండా తలుపు మూసి, చర్చిలో సరుకులు ఎక్కువై పాడవుతున్నాయి, కొంచెం తీసుకుంటే మాకే సాయం అని ఆయన్ను బతిమాలినట్టు అడిగింది. ఆయన సరేనన్నాడు. తిరుగుదారిలో ఆవిడ ఏదో మాట్లాడుతూనే ఉంది గానీ నా ధ్యాసంతా ఆ ప్రెస్ తలుపు దగ్గరే ఉంది. కప్పులు కడుగుతానని లేవడం, అంత చిన్న పని, నలభై ఏళ్ళ కిందట నాకు చేతకాలేదు.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పాలమూరు వైపు ఎండలు ముదిరేసరికి ఊళ్ళకు ఊళ్ళు మట్టిపనికి వలసపోయిన రోజులు. డిగ్రీ పూర్తవగానే నేను అక్కడొక చిన్న సంస్థలో చేరాను. చిన్నదంటే నిజంగా చిన్నదే, బస్టాండు వెనక రెండు అద్దె గదులు, పంకా కింద ఎగిరిపోకుండా కాగితాల మీద పెట్టిన గుండ్రాళ్ళు, ఉద్యోగ విరమణ చేసి దాన్ని నడిపే మాస్టారు, మేము నలుగురం. ఊరికి పది అతి పేద ఇళ్ళను ఎంచి ఇంటికి రెండు పాడిమేకలు ఇచ్చేవాళ్ళం. మేకలు దొరికిన ఇల్లు వేసవిలో ఎలాగో ఊళ్ళోనే గట్టెక్కేది, దొరకని ఇల్లు పిల్లాపాపలతో, కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కేది.

ఎంపిక చేసేది ఊరి ఆడవాళ్ళే. బడి ముందు ముగ్గుపిండితో గడులు గీసి, ఇంటికొక చింతగింజ చొప్పున పేదవాళ్ళవి ఒక గడిలో, ఉన్నవాళ్ళవి ఇంకో గడిలో పెట్టేవారు. దానికి ముందు ఇల్లిల్లూ తిరిగి చూసి రావడం నా పని. కబురు పెట్టి వెళ్ళకమ్మా, చెప్పకుండా వెళ్ళు అని మాస్టారు మొదటి రోజే చెప్పారు. నాకేమో నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళాక తలుపులకు గొళ్ళాలు కనిపిస్తే ఒళ్ళు మండేది. అందుకని ముందు రోజే ఫలానా ఇంటికి వస్తున్నానని కబురు పంపేదాన్ని. పైగా అది తెలివనుకున్నాను.

అలా కబురంపి వెళ్ళిన ఇల్లు ఒకావిడది, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. భర్త పోయి, ఇద్దరు ఆడపిల్లలతో ఉండేది. వాకిలి అలికి ముగ్గు పెట్టి ఉంది, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కంచంలో తెల్లటి సన్నబియ్యం అన్నం, రెండు కోడిగుడ్ల పులుసు పెట్టింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో, ఆవురావురుమంటూ తిన్నాను, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. పిల్లలిద్దరూ గడప దగ్గర నిలబడి చూస్తున్నారు. మీరు తిన్నారా అని అడగాలని తోచలేదు. ఛీ, ఎలాంటి చూపు నాది!

మర్నాడు బడి ముందు ఆడవాళ్ళు ఆవిడ గింజను పేదల గడిలో పెట్టారు. నేను వంగి, అందరూ చూస్తుండగా, ఆ గింజ తీసి పక్క గడిలో పెట్టాను. చదువుకున్నదాన్ని కదా, నా కళ్ళ మీద నాకంత నమ్మకం. నిన్న నేనే స్వయంగా తిన్నాను, ఆ ఇంట్లో అన్నం ఉంది, కోళ్ళున్నాయి, నిజమే కదా పెద్దమ్మా అన్నాను. ఆవిడ కొంగు నెత్తిమీదికి లాక్కుని, "అవు బిడ్డా, తిన్నవు" అంది.

బస్సు దాకా నాతో నడిచొచ్చిన ఆవిడ తోటికోడలు దారిలో నిలదీసింది. "బియ్యం దొరసాని కాడ బదులు తెచ్చింది మేడమ్, రెండు దినాలు కలుపు తీస్తనని. గుడ్లు పొదుగుకు పెట్టినయి, కోడి కింద కెళ్లి తీసింది. ఇంటికొచ్చిన ఆడపిల్లకు లేదని ఎట్ల చెప్తది?" జాబితా మర్నాడు పొద్దున మాస్టారి చేతికి వెళ్తుంది. దిద్దడానికి ఒక సాయంత్రమంతా ఉంది. తప్పైందండీ, కబురంపి వెళ్ళాను, పోయి తిన్నాను అని చెబితే సరిపోయేది. కానీ ఆ మాటకు మాస్టారు నన్నెలా చూస్తారోనన్న భయం, ఊళ్ళోవాళ్ళ ముందు మళ్ళీ గింజ జరపాలంటే సిగ్గు. జాబితా అలాగే ఇచ్చేశాను. చక్కగా రాశావమ్మా అన్నారాయన.

ఎండాకాలం ఆ ఊరికి వెళ్ళేసరికి పెద్దమ్మ ఇంటి తలుపుకు ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోయిందట. అవతలింటి వాకిట్లో మేం ఇచ్చిన మేకలు ఆకు నములుతున్నాయి.

వానలు పడ్డాక ఒకసారి బస్టాండులో కనిపించింది, ఎండకు మాడి, సగమైంది. నన్ను చూసి నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుని "తిన్నవా బిడ్డా" అంది. తిన్నాను పెద్దమ్మా అన్నాను. బస్సు కదులుతోందన్న సాకుతో చెయ్యి విడిపించుకుని ఎక్కేశాను. ఆ తరవాత ఎన్నో మీటింగుల్లో పల్లె మర్యాద గురించి చెబుతూ ఆ గుడ్ల పులుసు కథ చెప్పాను, అందరూ మెచ్చుకునేవారు. చింతగింజ సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ, మా అమ్మాయికి కూడా, చెప్పలేదు.

ఆ సంస్థ ఇప్పుడు లేదు, మాస్టారూ లేరు. ఊరికి తారురోడ్డు వచ్చిందట, సర్వేకు వచ్చేవాళ్ళు ఫోను పట్టుకుని వాకిట్లోనే నిలబడి, ఇంటి ఫోటో తీసుకుని పోతున్నారట. లోపలికి వచ్చి కూర్చునే తీరిక ఎవరికీ లేదని మా వాళ్ళు ఫోనులో వాపోతే, అవును, రోజులు మారిపోయాయి అంటాను. నేను లోపలికి వెళ్ళినదాన్నే, మంచం మీద కూర్చున్నదాన్నే, కడుపునిండా తిన్నదాన్నే. తిని వచ్చి ఆ గింజ తీసేశాను.