జాజు పూసిన పొట్టేలు

ఆత్మకూరు డిపోలో ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉంటే, మర్రిపాడు వైపు నుంచి వచ్చిన గొర్రెల లారీ ఒకటి పక్కన ఆగింది. తడిసిన వెంట్రుకల వాసన గుప్పున కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం లారీ చుట్టూ తిరిగి, ఏ గొర్రెకు ఏ పక్కన గుర్తు పూశారో చూస్తూ ఉండిపోయాను. ఈలోగా నా బస్సు వెళ్ళిపోయింది. ఈ వయసులో నాకీ కుదురులేనితనాన్ని అంటించింది మౌనిక.

మౌనిక మర్రిపాడు దగ్గర గొర్రెలు మేపే ఇంటి పిల్ల. ఉదయగిరి హైస్కూల్లో నా దగ్గర లెక్కలు చదువుకుంది. మధ్య మెట్లన్నీ వదిలేసి నేరుగా జవాబు రాసేది. నేను మార్కులు కోసేదాన్ని. నేను రిటైరైన చాలా ఏళ్ళకు, సినిమా తీస్తున్నానంటూ మా గుమ్మంలో నిలబడింది. పొట్టేలును దొంగిలించి విందు చేసుకుందామనుకున్న ముగ్గురు ఇంటర్ పిల్లలు, దాన్ని కోయడానికి మనసొప్పక, యూనిఫాం తొడిగి క్లాసులో కూర్చోబెట్టే కథ అది.

"షాటుకీ షాటుకీ మధ్య ఏదీ మారకుండా చూసే మనిషి కావాలి మేడం. మీ చాదస్తం నాకు కావాలి" అంది.

"ఈ వయసులో నేను సినిమాలోకి రావడమేంటే?"

"సినిమాలోకి కాదు మేడం, సినిమా పక్కకి."

ఆమె ఒకచోట నిలిచేది కాదు. ఇడ్లీ కూడా నడుస్తూనే తినేది. ఆమె వెనక తిరిగి తిరిగి నా మోకాళ్ళు పట్టేసేవి. ఒకరోజు టీకొట్టు దగ్గర సీన్ అద్భుతంగా వచ్చింది, అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నేను గట్టిగా "ఆపండి!" అన్నాను. ముందు షాటులో పిల్లవాడు గ్లాసును కుడిచేత్తో పట్టుకున్నాడు, ఇప్పుడు ఎడమచేత్తో.

"మేడం, మీకు నవ్వొచ్చిందా?" అని అడిగింది మౌనిక.

"చెయ్యి మారింది."

"నవ్వొచ్చిందా, లేదా?"

"వచ్చింది."

"అయితే దీన్ని పారెయ్యను. టీ కాలి చెయ్యి మార్చుకునే ముక్క ఒకటి తీద్దాం. మధ్య మెట్టు ఏదో మీరే చెప్పండి."

తప్పును కొట్టేయడమే నాకు తెలిసిన పని. దాని పక్కన ఇంకొక మెట్టు కట్టవచ్చని బడిలో ఉన్నన్నాళ్ళూ నాకు తోచలేదు.

చివరి రోజు గండం పొట్టేలు రూపంలో వచ్చింది. అది మౌనిక నాయనది. కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లమచ్చలున్న తెల్లని జీవం. సినిమాలో కూడా దాని యజమాని ఆయనే. ముందురోజు పిల్లలు పొట్టేలుతో కాలేజీ గేటు దాటి లోపలికి రావడం తీశాం. ఆ రోజు యజమాని వాళ్ళను పట్టుకోవాలి. సాయంత్రానికి కెమెరా బండి హైదరాబాదు వెళ్ళిపోతుంది, మళ్ళీ తెప్పించే శక్తి మౌనికకు లేదు. ఆ సీన్ లేకపోతే సినిమా లేదు. పొద్దున్నే పెద్దాయన పొట్టేలును తోలుకొచ్చాడు. దాని కుడి డొక్క మీద అరచేయంత ఎర్రమట్టి జాజు గుర్తు! నిన్నటి షాటుల్లో అది లేదు.

"ఏంది నాయనా ఇది?" మౌనిక ఆ గుర్తును వేలితో రుద్ది చూసింది.

"రేపు మీ మామ మందతో కలిపి తోలాల గదా. గుర్తు లేకపోతే యాడ ఎతుక్కునేది? ఫోటోలో బాగుంటాదని రెండు పూతలు ఎక్కువే ఏసినాను."

"కడగండి!" అన్నాను.

"మా జాజు అంత తేలిగ్గా పోతాదా టీచరమ్మా?" అన్నాడాయన, గర్వంగా.

మౌనిక ఆవరణ చుట్టూ తిరుగుతోంది. ఆమె వెనకే నేనూ తిరిగాను. మూడో చుట్టులో నా నోటి నుంచి వచ్చింది: "గుర్తు కుడివైపే కదా? ముందు ఎడమవైపు నుంచి తియ్యి. తర్వాత మీ నాయన ఇక్కడే, మన కళ్ళ ముందే పూస్తున్నట్టు తియ్యి."

ఆమె నా చేతులు పట్టుకుని గుంజేసింది. "జాజు ఉండాదా నాయనా?"

"సంచిలో ఉండాది."

కెమెరా తిరిగింది. పెద్దాయన పొట్టేలు ఆవలి పక్కన వంగి చెయ్యి ఆడించాడు, దాన్ని ఇటు తిప్పాడు, గుర్తు కనిపించింది. అక్కడితో సీన్ అయిపోవాలి. ఆయన ఆగలేదు. ముగ్గురు పిల్లలనూ వరసగా పట్టుకుని, తెల్ల చొక్కాల మీద అదే చోట అరచేత్తో జాజు పూశాడు.

"పొట్టేలు నాది. ఎత్తుకపోయిన మీరూ నా మందే. తప్పిపోతే ఎతుక్కోవద్దా? పదండ్రా ఇంటికి!"

పిల్లలు నిజంగానే బిత్తరపోయి, నిజంగానే నవ్వారు. మౌనిక "కట్" చెప్పడం మరిచిపోయి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడింది. సినిమా ముగింపు అదే అయింది.

మౌనిక ఇప్పుడు ఇంకో కథ పట్టుకుని ఎక్కడో తిరుగుతోంది. నేను తెల్లవారుజామున ముగ్గు వేస్తుంటాను. ఇదివరకు ఒక గీత వంకరపోతే తడిగుడ్డతో మొత్తం తుడిచి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ఆ వంకర గీత నుంచే ఇంకో మెలిక లాగుతాను. అది ఎటు పోతుందో తెలియదు, పిండి జారిపోతుంది, పక్కింటావిడ వచ్చి ఇదేం ముగ్గు అంటుంది. ఆగమ్మా, ఇంకా అవలేదు అంటాను.