రాజమౌళి కొన్న రెండు ఎర్ర బస్సులు

స్వరూప గెలిచిన తగాదాలు చాలా ఉన్నాయి. ఆమె ఆర్టీసీలో కండక్టరు. గెలవకపోతే ఆ ఉద్యోగం నడవదు. నేను దగ్గరుండి చూసింది మాత్రం ఈసారి కురవి జాతరలో. మునిమనవడికి ఇనుప కారొకటి కొందామని బొమ్మల దుకాణం ముందు ఆగాను. దుకాణదారు అచ్చంగా ఒకేలా ఉన్న కార్లు రెండు తీసి, ఒకదానికి రెట్టింపు ధర చెప్పాడు.

"గిది ఫారిన్‌ల తయారైంది అవ్వా, అసలుది. గది ఈడిది, నకిలీ."

నా వెనకున్న స్వరూప ముందుకొచ్చింది. మానుకోటలో మా ఎదురింటి పిల్ల. పిల్ల అంటే ఇప్పుడు నలభై దాటింది. వీరభద్రుడి మొక్కు ఉందని ఆ రోజు సెలవు పెట్టి నాతో వచ్చింది.

"అన్నా, మీ అమ్మకు ఎంతమంది పిల్లలు?"

"ముగ్గురం. గదెందుకు?"

"అందరు ఒక్క తాన్నే పుట్టిన్రా?"

"ఏడికెల్లి? అన్న ఇంట్ల పుట్టిండు, చెల్లె వరంగల్ల, నేను మానుకోట దవాఖానల."

"మరి ముగ్గుర్ల నకిలీ ఎవలు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వబోయాడు గానీ బేరం గుర్తొచ్చి ఆపుకున్నాడు. చివరికి రెండిటికీ ఒకే ధర అన్నాడు. నేను ఒకటే తీసుకున్నాను. మునిమనవడు ఒక్కడే.

దీనికి నోరెక్కువ అని దుకాణదారు అనుకుని ఉంటాడు. నోరు ఎక్కువే, కాదనను. కానీ నకిలీ అన్న మాట వింటే ఆమెకు ఒళ్లు మండడానికి వేరే కారణం ఉంది. ఆ మాట వల్లే ఆమె తమ్ముడు ఆమె గడప తొక్కడం మానేశాడు.

వాళ్ల నాయిన రాజమౌళి లారీ డ్రైవరు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి బొంబాయిలో లోడు దించి, వచ్చేటప్పుడు రెండు డబ్బాలు తెచ్చాడు. నేను అప్పుడు వాళ్ల అరుగు మీదే బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. రెండు డబ్బాల మీదా ఒకే ఎర్ర బస్సు బొమ్మ. పిల్లలు కొట్లాడుకోకూడదని ఒకే రకం రెండు కావాలని దుకాణంలో పట్టుబట్టాడట. బస్సులు బయటికి తీసి, చెరో చేతిలో పట్టుకున్నాడు. తమ్ముడు ఐలేశ్ ముందు ఉరికొచ్చి ఒకటి గుంజుకున్నాడు. మిగిలింది స్వరూప తీసుకుంది. జరిగింది ఇంతే.

తర్వాత దసరా వచ్చింది. దసరాకు మా దగ్గర బండి ఉన్నవాళ్లంతా బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. రాజమౌళి లారీ కడిగాడు. లారీ వెనక పిల్లలు తమ బస్సులు నిలబెట్టారు. మురికి బండికి పూజేంటని వాళ్లమ్మ గట్టమ్మ ఆ రెండిటినీ తీసుకుపోయి చింతపండు, బూడిద పెట్టి తోమింది. ఆమె పుట్టిల్లు జనగామ వైపు, ఇత్తడి పనివాళ్ల ఇల్లు. చింతపండుకు ఆగితే అసలుది, ఆగకపోతే దొంగది అని వాళ్లింట్లో లెక్క. బిందెలకు పెట్టే పరీక్ష ఆమె బస్సులకు పెట్టింది.

స్వరూప బస్సు ఆగింది. ఐలేశ్ బస్సుకు ఒక పక్క రంగంతా లేచిపోయింది. తిప్పి చూస్తే స్వరూపదానికి అడుగు ఇనుము, ఐలేశ్‌దానికి ప్లాస్టిక్.

"దుకాణపోడు ఒకటి నకిలీది అంటగట్టిండు" అని రాజమౌళి నవ్వేశాడు. ఐలేశ్ నవ్వలేదు. వాడకట్టులో పిల్లలు ఆ ఏడంతా వాణ్ని నకిలీ బస్సు అని పిలిచారు. బడిలో ఇంగ్లీషు వచ్చాక అడుగున రాసింది చదువుకున్నాడు. అక్కది ఇంగ్లాండు, తనది చైనా. ఇక వాడికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

పెద్దయ్యాక స్వరూపకు ఉద్యోగం వచ్చింది, వాడికి రాలేదు. రాజమౌళి మంచాన పడి బిడ్డ దగ్గరే పోయాడు. దినాలైన రోజు ఐలేశ్ అన్నాడు: "బాపు చిన్నప్పుడే తేల్చిండు. అసలుది నీకు, నకిలీది నాకు." ఆ మాటన్నాక భూపాలపల్లి వెళ్లిపోయాడు. చెల్పూర్ కరెంటు కేంద్రం దగ్గర బూడిద లారీ నడుపుతాడు. అక్క ఫోన్ చేస్తే ఎత్తడు. పంపిన రాఖీ తిరిగొచ్చింది. రాఖీ పున్నానికి రాష్ట్రంలో ఆడవాళ్లందరూ అన్నదమ్ముల ఇళ్లకు బస్సెక్కుతారు. వాళ్లందరికీ స్వరూప పైసల్లేని జీరో టికెట్లు కొడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి వండుకుంటుంది.

కిందటేడు జనగామలో ఆమె బస్సెక్కిన గీతాంజలి అనే అమ్మాయి ఒళ్లో బొమ్మ లారీల పెట్టె ఉంది. అలాంటివి పోగుచేయడం ఆమెకు సరదాట. జీతం వచ్చే మనిషికి ఇదేం సరదా అని అడగబోయి, స్వరూప తన బస్సుల సంగతి చెప్పింది. ఆ రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయో తొర్రూరు దాటేదాకా ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. ఇంటికొచ్చి స్వరూప నాకు చెప్పింది. నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

మా వీధిలో మురుకులు వత్తే గొట్టం ఒకటే ఉండేది. పండగొస్తే ఇల్లిల్లూ తిరిగేది. గొట్టం ఒకటే అయినా మురుకులు ఒకటి కావు. ఒకరింట్లో పిండి బరక, ఒకరింట్లో నూనె పాతది, ఒకామెకు వాము వేయడానికి చేయి రాదు. బొమ్మల కంపెనీలదీ ఇదే కథ. ఉక్కుతో ఒక అచ్చు చేయిస్తారు. ఒక దేశంలో కూలీ ప్రియమైతే ఆ అచ్చును ఓడెక్కించి ఇంకో దేశానికి పంపుతారు. అక్కడ దొరికే చక్రాలు వేరు, అద్దాలు వేరు. ఇనుప అడుగు ఖర్చని ప్లాస్టిక్ బిగిస్తారు. పాత రంగుల్లో పిల్లల నోటికి పనికిరానిదేదో ఉండేదట. దానిమీద చట్టాలు వచ్చి రంగు మార్చారట. డబ్బా మీది బొమ్మ మాత్రం మార్చరు. దుకాణంలో పాత సరుకూ కొత్త సరుకూ ఒకే అరలో కూర్చుంటాయి.

అంటే గట్టమ్మ చింతపండుకు ఆగింది పిల్లలు నాకకూడని రంగు కావచ్చు. ఓడిపోయింది మంచి రంగు కావచ్చు. గట్టమ్మ ఇప్పుడు లేదు గనక ఈ మాట ధైర్యంగా రాస్తున్నాను.

"మరి రెండిట్ల ఏది అసలుది?" అని స్వరూప అడిగిందట.

"రెండూ అసలువే అక్కా. మాసొంటోళ్లు రెండూ దొరికితే జతగ పెట్టుకుంటరు" అందట ఆ అమ్మాయి.

స్వరూప బస్సు దిగగానే తమ్ముడికి ఫోన్ చేసింది. కోసేశాడు. గీతాంజలి చెప్పిందంతా వాట్సాప్‌లో మాట్లాడి పంపింది, బస్సు ఫొటో కూడా పెట్టింది. రెండు రోజులకు జవాబొచ్చింది: "అమ్ముకో."

మొన్న నేను చిన్న బిడ్డ ఇంటికి పోదామని సంచి సర్దుకుంటుంటే స్వరూప వచ్చింది. తువ్వాలలో చుట్టిన బస్సు నా ఒళ్లో పెట్టింది.

"భూపాలపల్లి పోతున్నవట గద పెద్దమ్మా. గిది ఐలేశ్‌కు ఇయ్యి. వానిది నాకు తీస్కరా."

"రంగు లేచిపోయిన దాన్ని ఏం జేస్కుంటవే?"

"అల్మారల పెట్టుకుంట. నా ఇంట్ల ఉన్నదాన్ని నకిలీ అని ఎట్లంటడో చూస్త."

"వాడు తలుపే తియ్యకపోతే?"

"నీకు తీస్తడు. నిన్ను జూస్తె వానికి ఇప్పటికీ భయమే."

"తీసినా నమ్మొద్దా? ఇంగ్లాండు, చైనా అని నేను చెప్తె నమ్ముతడా?"

"దేశాల సంగతి నువ్వు చెప్పకు, అది నేను జెప్త. బాపు డబ్బలు ఇప్పినప్పుడు నువ్వు అరుగు మీదనే ఉన్నవ్ గద. ముందుగాల ఉరికొచ్చి గుంజుకున్నది ఎవలో, గది చెప్పు. బుదగరించి బతిమాలి మాత్రం చెప్పకు పెద్దమ్మా, నేను నేర్పి పంపిన్ననుకుంటడు. నీ తీర్ల నువ్వు తిట్టి చెప్పు."